తోలు సీట్లకు ఆముదం

పాత కారు కొన్నది మా నాన్న కోసం. ఇంట్లో ఎవరూ నమ్మలేదు గానీ, నిజం. ఆయన రిటైరైన టీచరు. ప్రతి శనివారం ఆదోని నుంచి ఎమ్మిగనూరు వెళ్లి, అక్కడ ఆంజనేయస్వామికి అభిషేకం చేసి వస్తారు. మోకాళ్లు అరిగిపోయాయి. బస్సు మెట్టెక్కాలంటే కండక్టరు చెయ్యి పట్టుకోవాలి. అది చూడలేకే కారు.

తీరా కారు వచ్చాక నా నోరు ఊరుకోలేదు. "ఒరిజినల్ తోలు సీట్లు!" అని వీధిలో కనబడిన ప్రతివాడికీ చెప్పాను. అమ్మినవాడు నాకు చెప్పిన మాటే అది.

నాన్న గుమ్మంలో నిలబడే తల అడ్డంగా ఊపారు. "మడిబట్ట సేతిలో పెట్టుకోని తోలు మీద కుర్చునేదెట్లప్పా? నేను బస్సుకే పోతాలే."

నాకు ఒళ్లు మండింది. ఆయన ఎక్కకపోయినా అంత మంచి సీట్లను పాడుపెట్టుకోలేను కదా. తోలు సీట్ల క్రీము ధర విని షాపులోంచి మర్యాదగా బయటికొచ్చి, ఆదివారాల్లో ఇంట్లో దొరికిన వాటితోనే మొదలుపెట్టాను. కుంకుడు నురుగుతో తుడిచాను. అరటితొక్కతో రుద్దితే చీమలొచ్చాయి. ఆర్నెల్లు ఇదే పని. చివరికి ఫోనులో ఎవడో తోలుకు నూనె పట్టించాలన్నాడు. దేవుడి గూట్లో ఉన్న ఆముదం సీసా మొత్తం సీట్లకు పట్టించేశాను.

ఆ వాసన పోవాలని అద్దాలు దించి, కారును పత్తి మార్కెట్ దగ్గర ఆపి పనిమీద వెళ్లాను. పత్తి లోడు బండ్లు వరసగా పోతూనే ఉన్నాయి. గంట తర్వాత వచ్చి చూస్తే నాలుగు సీట్లకూ తెల్లగా గడ్డం మొలిచింది. లాగితే రాదు, తుడిస్తే ఇంకా అంటుకుంటుంది.

మా ఆవిడ వచ్చి చూసింది. "నూనె ఉంది, దూది ఉంది. ఇంగ అగ్గిపుల్ల గీస్తే దీపమే," అంది.

సీటు కవర్లు కుట్టే ఆయన దగ్గరికి పోయాను. ఆయన దూది గోటితో గీకి, సీటు అంచు విప్పి నాకు చూపించాడు. "అన్నా, తోలయితే నూనె తాగుతాది. ఇది యాడ తాగింది? అంతా పైనే ఉండాది. కింద సూడు, గుడ్డ. ఇది రెక్సిన్. సబ్బునీళ్లు సాలు దీనికి."

అమ్మినవాణ్ణి మనసారా తిట్టుకున్నాను. సగం దారిలో హఠాత్తుగా సంతోషం ముంచుకొచ్చింది. రెక్సినైతే నాన్న కూర్చోవచ్చు!

ఇంటికెళ్లేసరికి ఆయన మరుసటి రోజుకు సంచి సర్దుకుంటున్నారు. సిగ్గు విడిచి చెప్పేశాను. "నాన్నా, అది తోలు కాదంట. రేపు కార్లోనే పోదాం."

ఆయన సర్దడం ఆపలేదు. "నాకు మొదటి దినమే తెలుసప్పా. వారం వారం బస్సులో నేను కుర్చునేది రెక్సిన్ మీదే కదా."

"మరి ఇన్ని దినాలు బస్సుకెందుకు పోతాంటివి?"

"మడిబట్టతో నేను ఎక్కితే, అది తోలు కాదని ఊరికంతా తెలిసిపోదా? నువ్వేమో అంత మురిపెంగా తుడుస్తాంటివి."

ఆర్నెల్లపాటు ఆ మోకాళ్లతో ఆయన మోసింది నా గొప్పనే.

రాత్రే సబ్బునీళ్లతో సీట్లన్నీ కడిగేశాను. పొద్దున ఆయన్ను ముందు సీట్లో కూర్చోబెడుతుంటే ఎదురింటాయన వచ్చాడు. "ఏం సార్, తోలు మీద కుర్చున్నారే!" అన్నాడు. నా పరువు కాపాడే మాటేదో వెతుక్కుంటూ నాన్న గొంతు సవరించుకున్నారు.

"రెక్సిన్ అన్నా," అన్నాను నేను. "నన్ను మోసం చేసినారు."

చెప్పి, నాన్న కాళ్లు మెల్లగా లోపలికి పెట్టి, తలుపు వేశాను.