చెల్లని పత్రం

విద్యార్థులు ఇంగ్లీషు ఎందుకు నేర్చుకుంటున్నారో కనిపెట్టాలని ప్రొఫెసరుగారికి బుద్ధి పుట్టింది. తరగతికెళ్లి నోటితో అడిగితే పోయేదానికి ఆరు పేజీల ప్రశ్నపత్రం తయారుచేశారు. అదీ ఇంగ్లీషులో. ఆ శాఖలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న టైపిస్టమ్మ దాన్ని కొడుతూనే పెదవి విరిచింది. భాష రానివాళ్లను ఆ భాషలోనే అడిగి, ఎందుకు నేర్చుకుంటున్నారో తెలుసుకుంటాడట. ఈయన తెలివి తెల్లారినట్టే ఉందనుకుంది.

నింపిన పత్రాలు నాలుగు వందల పన్నెండు వచ్చాయి. వాటిని కంప్యూటరులో ఎక్కించడం ఆమె పని. మూడో కట్టకొచ్చేసరికి సంగతి బోధపడింది. వరసలకు వరసలు ఒకే గడిలో టిక్కు పెట్టాయి: ప్రపంచ సాహిత్యాన్ని మూలంలో ఆస్వాదించడానికి. నోటీసుబోర్డు మీద రెండు లైన్లుంటే ఇంకొకడిచేత చదివించుకునే మహానుభావులు వీళ్లు. ఒకడైతే రోల్ నంబరు తనది వేసి, పేరు ముందువాడిది దించేశాడు. వాడు బోనఫైడ్ సర్టిఫికెట్ కోసం ఆఫీసుకు వస్తే, ఏ పుస్తకాలు ఆస్వాదిస్తావు నాయనా అని అడిగింది.

"నాకేం తెలుసు మేడం. ముందోడు పెట్టాడు, నేనూ పెట్టా. హాజరేస్తామన్నారు."

చెప్పడానికి సిగ్గు కూడా పడలేదు.

మర్నాడు ఒక్క టిక్కూ లేని పత్రం తగిలింది. వెనకవైపు ఒక అమ్మాయి సొంత భాషలో రాసింది. ఆసుపత్రిలో వాళ్లమ్మచేత ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఏముందని అడిగితే మామూలేనన్నారు. నాన్న బతకలేదు. ఆ కాగితం నకలు ఇంట్లోనే ఉంది, దాన్ని చదవాలి. అంతే రాసింది.

టైపిస్టమ్మ దాన్ని పట్టుకెళ్లి ప్రొఫెసరుగారి ముందు పెట్టింది. ఆయన చదివి, తిప్పి చూసి, గడులు వెతికారు.

"ఇది ఎందులోకీ రాదమ్మా. చెల్లని వాటిలో వేసెయ్."

"అన్నిట్లో ఇదొక్కటే జవాబండీ."

పరిశోధన అంటే నీకు తెలియదులెమ్మని ఆయన నవ్వారు. ఆ నవ్వు చూసి, ఇన్నేళ్లూ ఈ మనిషి వాక్యాలకా నేను కామాలు సరిదిద్దిందని ఆమెకు తనమీదే రోత పుట్టింది.

నెల తిరిగాక ఫలితాలు చెప్పే సభ జరిగింది. నూటికి తొంభై ఒక్కమందిని నడిపిస్తున్నది సాహిత్య దాహమేనని ఆయన తేల్చారు. మూడో వరసలో ఆ రోల్ నంబరు కుర్రాడు అందరితోపాటు చప్పట్లు కొట్టాడు. ఆ ఏడే ప్రొఫెసరుగారు శాఖాధిపతి అయ్యారు.

టైపిస్టమ్మ ఆ చెల్లని పత్రం మీది రోల్ నంబరు చూసి అమ్మాయిని పిలిపించింది. ఆసుపత్రి కాగితం తెచ్చుకుంటే నిమిషంలో చదివి చెబుతానంది.

"వద్దండీ. నేనే చదువుతా. రెండో పేరా దాకా వచ్చాను."

ఎవరినైనా ఇట్టే తూకం వేసి పారేసే టైపిస్టమ్మ ఈసారి లేచి, బీరువా పక్కనున్న కుర్చీ మీది ఫైళ్లు కింద పెట్టి, భోజనాల వేళ ఇక్కడ కూర్చుని చదువుకోవచ్చని చెప్పింది.

అమ్మాయి రోజూ వచ్చేది. కాగితం పూర్తవడానికి నెలన్నర పట్టింది. అందులో ఏముందని టైపిస్టమ్మ అడగలేదు.