మూడు చౌరస్తాల్లో నా ఫోటో

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఎండాకాలం నన్ను నందికొండ నుంచి మహబూబ్‌నగర్‌కు బదిలీ చేశారు. హోదా ఫుట్‌బాల్ కోచ్. ప్రభుత్వ కొలువులో కోచ్ అంటే పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మైదానంలో ఉండాలి. మధ్యలో హాజరుపట్టీ, బంతుల స్టాకు రిజిస్టరు, ఎవరైనా పెద్దమనిషి వస్తే స్టేజీ ముందు కుర్చీలు వేయించడం. ముప్పై ఏళ్లకు దగ్గరైన నా సర్వీసులో బంతుల కంటే కుర్చీలే ఎక్కువ మోయించాను.

అక్కడ నాకు దొరికిన ఆటగాడు బీరయ్య. ఇరవై ఏళ్లవాడు. తండ్రి మల్లయ్యకు నూరు దాకా గొర్లు, మేకలు. బీరయ్య డిగ్రీ చదువుతూ రోజూ సైకిల్ మీద మైదానానికి వచ్చేవాడు, సెలవుల్లో మంద వెంట పోయేవాడు. తల తిప్పి చూడకుండానే మైదానంలో ఎవరు ఎక్కడున్నారో అతనికి తెలిసేది. అలాంటివాణ్ని వెనుక, డిఫెండరుగా నిలబెట్టాలని కోచింగ్ డిప్లొమాలో మాకు నేర్పారు. నేను మాత్రం ముందు నిలబెట్టి గోల్స్ కొట్టే ఫార్వర్డ్‌గా ఆడించాను. కారణం దాచను. పేపర్లో గోల్ కొట్టినవాడి పేరు వేస్తారు, దాని పక్కనే కోచ్ పేరు వేస్తారు. గోల్ ఆపినవాడి పేరు వేసిన విలేఖరిని నేను ఇంతవరకు చూడలేదు.

"సార్, నేను ఎనుక ఆడ్త" అని బీరయ్య రెండేళ్లలో మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ కసిరాను.

మూడో ఏడు గోవాలోని ఒక ప్రొఫెషనల్ క్లబ్బు నుంచి అతని పేరున ఉత్తరం వచ్చింది. రాష్ట్ర జట్టుకు ఆడినప్పుడు చూసినవాళ్లెవరో చెప్పారట. వారం రోజుల ట్రయల్స్‌కు రమ్మని అందులో ఉంది. ట్రయల్స్ అంటే ఆడించి చూస్తారు, నచ్చితే కాంట్రాక్టు ఇస్తారు, నచ్చకపోతే ఇంటికి పంపుతారు. బీరయ్యకు అదొక్కటే అవకాశం. ఆ ఏడాదితో డిగ్రీ అయిపోతుంది, కొలువు దొరక్కపోతే మంద వెంట పోవడమే.

ఇదంతా నాకు తెలుసు. అయినా సిమెంటు దుకాణం శంకరన్న "ఏం ఉత్తరం సారూ?" అని అడిగినప్పుడు, "మనోడు ప్రొఫెషనల్ క్లబ్బుకు పోతాండు" అన్నాను. అబద్ధం కాదు, పోతున్న మాట నిజమే. శంకరన్న మా మైదానం కమిటీకి ఉపాధ్యక్షుడు. అతనికి ఏ సంగతి చేరినా మూడు రోజుల్లో ఫ్లెక్సీ అవుతుంది.

ఈసారి మూడు అయ్యాయి, మూడు చౌరస్తాల్లో. పైన "పాలమూరు పులికి స్వాగతం". నడుమ నల్లకళ్లద్దాలతో నడుము దాకా నేను, నా పక్కన చేతులు జోడించిన శంకరన్న, వెనుక నోరు తెరిచిన ఒక నిజం పులి. బీరయ్య కింద ఒక మూలన పోస్టల్ స్టాంపంత ఉన్నాడు. ఫ్లెక్సీ కింద స్కూటరు ఆపుకొని నేను రెండుసార్లు చూసుకున్నాను.

తర్వాత సన్మానం. మే నెల ఎండలో బీరయ్యకు పదకొండు శాలువాలు కప్పారు. ఎనిమిదో శాలువా కింద నుంచి అతను నా చెవిలో, "సార్, ఇంక తీస్కోలె గద. సూడనీకె పిల్చిండ్రు" అన్నాడు. గమ్మున ఉండమని సైగ చేసి మైకు అందుకున్నాను. ఆటగాడికి అణకువ ఎంత అవసరమో, పేరు వచ్చాక కాళ్లు నేల మీద ఎలా ఆనాలో ఇరవై నిమిషాలు చెప్పాను. నా మెడలో అప్పటికి రెండు దండలున్నాయి.

మల్లయ్య ఉపన్యాసం వినలేదు. స్టేజీ వెనుక కట్టిన ఫ్లెక్సీ అంచును వేళ్లతో నలిపి చూస్తున్నాడు. నేను దిగగానే, "సారూ, గీ బట్ట వానకు ఆగుతదా?" అని అడిగాడు. కొడుకు గౌరవం వానలో పాడవుతుందని దిగులు పడుతున్నాడనుకొని, "రెండేండ్లు ఫికర్ లేదు" అని ధైర్యం చెప్పాను.

సెలవు పెట్టి నేనూ వెంట వెళ్లాను. ట్రయల్స్‌కు ముప్పైమంది దాకా వచ్చారు. మొదటిరోజు బీప్ టెస్ట్. మోత వినబడేలోపు ఇరవై మీటర్లు పరుగెత్తి తిరగాలి, మోతల మధ్య సమయం తగ్గుతూ పోతుంది. అందరూ కూలబడ్డాక ముగ్గురు మిగిలారు, అందులో బీరయ్య ఒకడు. అంతవరకు బాగుంది. ఆ తర్వాత రెండు రోజులు ఫార్వర్డ్‌గా ఆడి నాలుగుసార్లు బంతిని తాకాడు. అందులో ఒకసారి అది గోడ అవతల పడింది.

నాలుగోరోజు పొద్దున సహాయ కోచ్ నన్ను పక్కకు పిలిచి, మీవాడు ఫార్వర్డ్ కాడు, ఈ సాయంత్రం ఆట అయ్యాక కొందరి పేర్లు తీసేస్తాం, అన్నాడు. నాకు కళ్ల ముందు మూడు చౌరస్తాలు కనబడ్డాయి. శంకరన్నకు ఏం చెప్పాలో ఆలోచిస్తూ వరుసగా రెండు సోడాలు తాగాను. సిగ్గుతో చెబుతున్నాను, ఆ గంటలో నాకు బీరయ్య గుర్తు రాలేదు.

తిరిగి వచ్చేసరికి అతను హెడ్ కోచ్ ముందు నిలబడి ఉన్నాడు. "సాబ్, ముఝే పీఛే ఖేల్నా హై. ఏక్ బార్ దేఖో" అంటున్నాడు. వెనుక ఆడతాడట, ఒక్కసారి చూడాలట. హెడ్ కోచ్ నా వైపు చూశాడు. తల ఊపాను. అంత కష్టపడి తల ఊపడం నా సర్వీసులో అదే మొదలు.

ఆ సాయంత్రం బీరయ్యను డిఫెండర్ల నడుమ నిలబెట్టారు. పది నిమిషాలు గడిచాయి. ఎదుటి జట్టు దూసుకొస్తోంది, మా ఎడమవైపువాడు జాగా వదిలి ముందుకు పోయాడు. బీరయ్య నోట్లో రెండు వేళ్లు పెట్టి, తప్పిపోయిన మేకను మళ్లించే ఈల ఒకటి వేశాడు. మైదానమంతా ఆగిపోయింది. రెఫరీ ఈల వేశాడనుకొని ఎదుటి ఫార్వర్డ్ బంతిని చేత్తో పట్టుకున్నాడు. అసలు రెఫరీ తన ఈలను తనే అనుమానంగా చూసుకున్నాడు. ఎడమవైపువాడు ఒక్కడే ఏ భాషా అవసరం లేకుండా వెనక్కి వచ్చి తన జాగాలో నిలబడ్డాడు.

హెడ్ కోచ్ మైదానంలోకి వచ్చి, ఈల రెఫరీది, అసలు మ్యాచిలో ఇలా చేస్తే పసుపు కార్డు చూపిస్తారని గట్టిగా మందలించాడు. వెనక్కి తిరిగాక మాత్రం భుజాలు ఊగేలా నవ్వాడు. మిగతా ఆటంతా బీరయ్య నోటితోనే "హేయ్, హోయ్" అని అదిలించాడు. ఆ నలుగురు డిఫెండర్లూ మందలాగే కదిలారు. ఒక్క గోల్ కాలేదు.

వారం ముగిశాక హెడ్ కోచ్ అతణ్ని కూర్చోబెట్టి ఎంత దూరం పోవాలనుందని అడిగాడు. "దేశం తరఫున..." అని నేను అందుకున్నాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. బీరయ్య ఆలోచించి, "కల్ కీ లిస్ట్ మే రహ్నా సాబ్" అన్నాడు. రేపటి లిస్టులో ఉండాలి. రిజర్వు జట్టుకు ఏడాది కాంట్రాక్టు ఇచ్చారు.

తిరుగు రైల్లో, అంత పట్టుదల ఉన్నవాడివి నన్ను గట్టిగా ఎందుకు అడగలేదన్నాను. "మూడుసార్లు అడిగిన సార్" అన్నాడు కిటికీలోంచి చూస్తూ. అందులో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది.

వానలు పడ్డాక మల్లయ్య నన్ను భోజనానికి పిలిచాడు. ఊరికి పోయేసరికి జోరువాన. పశువుల కొట్టం పక్కన కొత్తగా వేసిన పందిరి కింద గొర్రెపిల్లలు వెచ్చగా పడుకొని ఉన్నాయి. తల ఎత్తితే కప్పుమీద నల్లకళ్లద్దాలతో తలకిందులుగా నేనే.

"నువ్వు జెప్పినట్లె ఉంది సారూ. ఒక్క సుక్క దిగుతలేదు" అన్నాడు మల్లయ్య సంతోషంగా.

మరి బీరయ్య బొమ్మ ఏదని అడిగాను.

"వాడు మూలకుండె గద. గుంజకు ముడి ఏసిన. వాడుంటెనే గాలికి లేస్తలేదు."

బీరయ్య ఇప్పటికి రెండు క్లబ్బులు మారాడు, ఇంకా వెనుకే ఆడుతున్నాడు. మిగిలిన నాలుగేళ్ల సర్వీసులో నేను రెండు పద్ధతులు పాటించాను. ఏ ఆటగాడు ఎక్కడ ఆడతానన్నాడో మొదటిరోజే రిజిస్టరులో రాసుకున్నాను. ఎవరికి ఉత్తరం వచ్చినా, కాంట్రాక్టు మీద సంతకం అయ్యేదాకా శంకరన్న దుకాణం ముందు నుంచి స్కూటరు పోనివ్వలేదు.