రెండో బొట్టు

దయ్యాలనూ మహిమలనూ నేను ఏనాడూ నమ్మలేదు. హైస్కూల్లో లెక్కల మాస్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ని. ఆనాటి సంగతులు ఆనాడే డైరీలో రాసుకోవడం చిన్నప్పటి నుంచి అలవాటు. ఎవరైనా వింత చెబితే, ఎవరు చూశారు, ఎక్కడుండి చూశారు అని అడుగుతాను. ఇప్పుడు రాసేది కూడా అలా అడిగి చూసుకున్నదే. కాకపోతే దీనికి జవాబు దొరకలేదు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరం. మేము తిరుచానూరులో ఉండేవాళ్లం. పూలతోట చేసే మా నాయన అప్పటికే పోయాడు. మా అన్న శ్రీనివాసులు రంగూన్‌లో ఒక బియ్యం మిల్లులో గుమాస్తా. అక్కడే ఖిన్ అనే బర్మా అమ్మాయిని పెండ్లి చేసుకున్నాడు. యుద్ధంలో రంగూన్ మీద బాంబులు పడినప్పుడు ఇద్దరూ కట్టుబట్టలతో మా ఇంటికి చేరారు. యుద్ధం ముగిశాక మిల్లువాళ్లు పిలిస్తే అన్న ముందుగా వెళ్లాడు. ఇల్లు చూసుకుని భార్యను పిలిపించుకుందామనుకున్నాడు. ఈలోగా రూలు మారింది.

ఇక మీదట బర్మాలో అడుగు పెట్టాలంటే పర్మిట్ ఉండాలన్నారు. ఖిన్ పుట్టిందే అక్కడ. అయినా మనవాణ్ని చేసుకుంది కాబట్టి మన దేశపు మనిషి కిందే జమ. అక్కడ ఉద్యోగం చేస్తున్నవాడి భార్య అని రుజువైతేనే పర్మిట్. పెండ్లి కాగితాలు బాంబుల్లో కాలిపోయాయి. అందుకని మొగుడి సొంత జిల్లాలో విచారణ జరిపి, ఈమె నిజంగా భార్యేనని ఒక అధికారి రాసివ్వాలన్నారు. రాబోయే ఓడ తప్పితే ఆ తరువాత భార్యలను కూడా రానివ్వరని మద్రాసు నుంచి వచ్చినవాళ్లు చెప్పుకుంటున్నారు.

వదినను వెంటబెట్టుకుని చిత్తూరుకు బస్సులో వెళ్లాను. అధికారి మర్యాదస్తుడే. అన్నీ విని, వదిన మెడ వైపు చూసి ఆగిపోయాడు.

"ఒక్క బొట్టే ఉందేమిటండీ?"

మా వైపు పెండ్లయిన ఆడమనిషి తాళిలో రెండు బొట్లుంటాయి. ఒకటి అత్తింటివాళ్లు చేయించేది, రెండోది పుట్టింటివాళ్లు పెట్టేది. ఖిన్ తల్లిదండ్రులు ఎప్పుడో పోయారు. పుట్టింటివాళ్లు పెట్టనిదాన్ని తానే చేయించి వేస్తే అబద్ధమవుతుందని, అన్న రంగూన్‌లో ఒక్కటే చేయించి కట్టాడు. ఆ మాటే చెప్పాను. అధికారి తల ఊపాడు గాని నమ్మినట్టు లేదు. ఆడమనిషిని ఊరికే తెచ్చి ఇంట్లో పెట్టుకున్నవాళ్లు ఇలాగే ఒక బొట్టు మెడలో వేస్తారని, వదిన ఎదుట అనలేక, నన్ను వరండాలోకి పిలిచి అన్నాడు. ఇంటి పెద్ద వచ్చి, ఈమె మా కోడలే అని చెబితే రాసిస్తానన్నాడు.

ఇంటి పెద్ద అంటే మా అమ్మ. పక్షవాతం వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. మంచం మీదే బతుకు. బండి కట్టించి, మోసుకుని పోదామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు.

"కండ్లతో సూడని పెండ్లికి సాచ్చెం ఎట్ల పలికేదిరా? నీ అన్న నన్ను పిలిసినాడా, అడిగినాడా? అమ్మవారి ఊర్లో ఉండి నాతో అబద్దం ఆడిస్తావా?"

అమ్మకు వదిన మీద ద్వేషం లేదు. ఆమెకు తల దువ్వేది, ఒళ్లు తుడిచేది వదినే. కానీ వచ్చిన నాటి నుంచి ఒక్కసారి కూడా కోడలా అని పిలవలేదు. "ఏమ్మే" అనేది, అంతే. ఆ రోజు కూడా వదిన నవ్వుతూనే అన్నం కలిపి నోటికి అందించింది.

"నన్ను పంపకపోతే నీకే కష్టం అత్తా. సచ్చేదాకా నా చేతి సారన్నమే తినాల."

"నీ సారు తింటే ఇంగ సచ్చేదానికి శానా దినాలు పట్టదులేమ్మే" అంది అమ్మ.

ఇద్దరూ నవ్వారు. తరువాత వదిన పెరట్లో గిన్నెలు తోముతూ చాలాసేపు లోపలికి రాలేదు.

మళ్లీ చిత్తూరు వెళ్లవలసిన రోజుకు ముందు రోజు బడికి సెలవు. నేను పగలంతా ఇంట్లోనే ఉన్నాను. వైద్యుడు వచ్చి అమ్మ నాడి చూసి వెళ్లాడు. మధ్యాహ్నం వదినా నేనూ కలిసి అమ్మను పక్కకు తిప్పి పడుకోబెట్టాం. ఎండ వేళంతా అమ్మ కళ్లు మూసుకునే ఉంది. పిలిస్తే పలకలేదు. నిద్రలే అనుకున్నాం. ఇదంతా ఆ సాయంత్రమే, ఇంకేమీ తెలియక ముందే డైరీలో రాసుకున్నాను.

మరునాడు ఇద్దరమే చిత్తూరు వెళ్లాం. ఏం చెప్పాలో బస్సులో కూడబలుక్కున్నాం గాని, చెప్పే అవసరమే రాలేదు. అధికారి మమ్మల్ని చూడగానే, "పెద్దావిడను ఒంటరిగా ఎందుకు పంపారండీ? మీరు తోడు రావలసింది కదా" అన్నాడు.

"ఎవరిని?" అన్నాను.

"మీ అమ్మగారిని. నిన్న మధ్యాహ్నం వచ్చారు."

అధికారి తన ధోరణిలో చెప్పుకుపోయాడు. పొడుగాటి మనిషి, తెల్ల జుట్టు, ఎడమ ముంజేతి మీద కాలిన మచ్చ. అన్నీ మా అమ్మ గుర్తులే. కుర్చీ వేయిస్తే వద్దని బెంచీ మీద కూర్చుంది. గది నిండా మరువం వాసన. బంట్రోతు నీళ్లిస్తే తాగలేదు. ఆవిడ మాటలు ఆయనకు నచ్చినట్టున్నాయి, మా యాసలోనే చెప్పి చూపించాడు:

"దీని పెండ్లి నేను సూడలేదు సామీ. సూసినానని సెప్పను. పుట్టిల్లు లేని బిడ్డ. ఈ పొద్దు నుంచి నేనే దాని పుట్టిల్లు. ఇది పుట్టింటి బొట్టు. ఇంగ లెక్క సరిపోయె గదా!"

అని సొరుగులోంచి చిన్న పొట్లం తీశాడు. తాను ముండమోసినదాన్ని కాబట్టి తన చేత్తో ఇవ్వకూడదని, నా చేత వదినకు ఇప్పించమని బల్ల మీద పెట్టి వెళ్లిందట. పొట్లంలో ఒక పక్క అరిగిన పాత బొట్టు. మీద తిరునామం చెక్కి ఉంది. అది మా అమ్మమ్మది. అమ్మమ్మ ముత్తైదువగా పోయింది. చిన్నప్పుడు దాన్ని చూసిన గుర్తు నాకుంది. ఇంట్లో ఇత్తడి పెట్టెలో ఉండాలి అది. తాళంచెవి ఎప్పుడూ అమ్మ నడుముకే.

అధికారి సంతకం చేశాడు. వరండాలో బంట్రోతును విడిగా అడిగాను. ఆమె నడిచే వచ్చిందా అని.

"నడవక ఎగిరొస్తాదా సామీ? నేనే గదా తలుపు తెరిసినాను. ఎండలో వచ్చినావే అవ్వా అంటే, నీడున్నప్పుడు రాలేకపోతిని నాయనా అనె" అన్నాడు.

వదిన బస్సులో ఏడుస్తూనే ఆ బొట్టును పసుపుతాడుకు ఎక్కించుకుంది. ఇంటికి రాగానే అమ్మ మొదట వదిన మెడ వైపే చూసింది. ఆశ్చర్యపోలేదు. "ముడి వదులుగా ఉండాది. బిగించుకో" అంది.

నిన్న ఎక్కడికైనా వెళ్లావా అని అడిగాను. ఆ ప్రశ్న నాకే వెర్రిగా తోచింది.

"యాడికి పోతానురా? కాళ్లుండాయా నాకు?"

తాళంచెవి అడిగి తీసుకుని పెట్టె తెరిచాను. బొట్టు చుట్టి ఉంచే పసుపు గుడ్డ మడత నలగకుండా ఉంది. లోపల ఏమీ లేదు. ఆ సంగతి చెప్పాను.

"పెట్టెలో లేకుంటే మెడలో ఉండాది. దానికింత గొడవేల?" అని అమ్మ గోడ వైపు మొహం తిప్పుకుంది.

ఆ తరువాత నేను చేయగలిగిన విచారణ అంతా చేశాను. అమ్మ పోలికతో మా వీధిలో ఇంకెవరూ లేరు. అమ్మకు తెలియకుండా ఆ తాళంచెవి ఎవరూ తీయలేరు. మేము మాట్లాడుకున్న మాటలు ఆ అధికారికి చేరే దారి లేదు. ఒక్కొక్కటీ కొట్టివేస్తూ పోతే చివరకు ఏమీ మిగల్లేదు.

వదిన ఓడ ఎక్కింది. బయలుదేరే ముందు అమ్మ పాదాలు పట్టుకుంటే, "పోయి రామ్మా" అని మాత్రం అంది. ఏమ్మే అనలేదు. మరుసటి సంవత్సరం అమ్మ పోయింది. నేను ఎంత అడిగినా ఆ సంగతి మీద అంతకు మించి ఒక్క మాటా చెప్పలేదు.

చాలా ఏళ్ల తరువాత అన్న సెలవు మీద వచ్చినప్పుడు నాతో అన్నాడు. రంగూన్ రేవులో భార్య దిగగానే అతని కళ్లు ఆమె మెడ మీదికే పోయాయట. రెండోది యాడిది అని అడిగాడట. అంతవరకు అమ్మను అత్తా అని తప్ప పిలవని ఖిన్, "మా అమ్మ పెట్టింది" అందట.

నిజమే, అమ్మే పెట్టింది. ఎలా పెట్టిందో మాత్రం ఈ వయసులో కూడా నాకు తెలియదు.