పలక మీద సర్పంచ్

తెలంగాణ వచ్చాక జరిగిన పంచాయతీ ఎన్నికల్లో మా ఊరి సర్పంచ్ సీటు ఆడవాళ్లకు వచ్చింది. నన్ను నిలబెట్టారు. పోస్టర్ల మీద నా ఫొటో కన్నా మా ఆయన ఫొటో పెద్దగా వేస్తే, పోట్లాడి మళ్లీ అచ్చు వేయించాను. గెలిచాక రామన్నపేటలో మండల మీటింగులకు ఒక్కదాన్నే బస్సెక్కి వెళ్లేదాన్ని. పక్క ఊళ్ల ఆడ సర్పంచుల బదులు వాళ్ల మొగుళ్లు దర్జాగా కూర్చునేవారు, నేను వాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చునేదాన్ని. నాకు పొగరని చెప్పుకునేవారు. ఉండేది, కాదనను.

రెండో ఏడు గొంతులో గడ్డ లేచింది. హైదరాబాదులో ఆపరేషన్ చేసి, వారంలో మాట వస్తుందన్నారు. వారం పోయింది, నెల పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. నోరు గల మనిషినని పేరు పడ్డదాన్ని, పాలాయనను పిలవడానికి చప్పట్లు కొట్టాల్సి వచ్చింది. పక్క గదిలో ఉన్నవాళ్లకు నేను ఏడుస్తున్నానని కూడా తెలిసేది కాదు.

పలక కొనుక్కున్నాను. ఊరి పనుల మీద ఎవరైనా వస్తే జవాబు దాని మీద రాసేదాన్ని. వచ్చేవాళ్లలో చాలామందికి చదువు రాదు. అందుకని మా ఆయనను పక్కన కూర్చుని చదివిపెట్టమన్నాను. నేనే అడిగాను. తప్పు నాది.

ఒకరోజు మా ఆయనకు బావ వరసయ్యే ఆసామి వచ్చాడు. బడి జాగాలోకి తన ప్రహరీ గోడ కాస్త జరుపుకుంటాడట. 'కుదరదు' అని రాసి, కింద రెండు గీతలు గీశాను. మా ఆయన పలక అందుకుని చదివాడు.

"జర ఆగుమంటాంది బావా. సూద్దామంటాంది."

ఆ ఆసామి సంతోషంగా చాయ్ తాగి వెళ్లాడు. నేను పలకను నేలకేసి కొట్టాను.

"గట్ల మొఖం మీదనే సెప్తరా? నువ్వు మంచిగయ్యేదాక ఊరితోని కొట్లాట ఎందుకు?" అన్నాడు మా ఆయన, ముక్కలు ఏరుతూ. ఆ చేతులతోనే నాకు జావ కాచి ఇచ్చాడు. కొత్త పలక కూడా తనే తెచ్చాడు. అలాంటి మనిషి మీద కోపం ఎలా నిలుపుకోవాలో నాకు చేతకాలేదు.

ఊరికి ఆయన మెత్తదనం నచ్చింది. నేను రాయడం ముగించకముందే ఆయన జవాబు చెప్పేసేవాడు. కొన్నాళ్లకు జనం లోపలికి రావడమే మానేసి, అరుగు మీదే ఆయనతో మాట్లాడుకుని వెళ్లిపోయేవారు. నేను మంచం మీద కూర్చుని మా ఊరి సంగతులు కిటికీలోంచి వినేదాన్ని. ఆసుపత్రిలో కూడా అంత ఒంటరిగా లేను.

నాలుగో నెలలో, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, బియ్యం చెరుగుతూ దగ్గితే శబ్దం వచ్చింది. నా పేరు పలికి చూసుకున్నాను. బొంగురుగా, ఎవరి గొంతులాగో ఉంది కానీ నాదే. ఎంతసేపు నవ్వానో, ఎంతసేపు ఏడ్చానో. గ్రామసభలో లేచి మొదట ఆ గోడ సంగతే ఎత్తాలనుకున్నాను.

అప్పుడే ఒక అవ్వ పింఛను కాగితం పట్టుకుని గడప దగ్గరకొచ్చింది. నా గుర్తు మీద ఓటేసి, సిరా చుక్క పడ్డ వేలు నాకు చూపించిన మనిషి.

"బిడ్డా, సర్పంచ్ ఉన్నడా?" అంది.

"లేడవ్వా, పొద్దుగూకినంక రా" అన్నాను.

అవ్వ సరేనని వెళ్లిపోయింది. ఆమె మలుపు తిరిగేదాకా, నేనేమన్నానో నాకు తెలియలేదు.