జీను మేస్త్రి వేళ్ళు

పసిపిల్లలు సైతం భయం లేకుండా ఎక్కే పొట్టిగుర్రం బుజ్జాయి. అటువంటిది, కొంతకాలంగా ఎడమకు తిప్పినప్పుడల్లా వెన్ను విల్లులా వంచి వెనుక కాళ్ళు విసరసాగింది. ఒక పాప కిందపడి మణికట్టు విరగడంతో స్వారీశాల యజమాని ఓపిక నశించింది.

"ఆదివారం దాన్ని ఇటుకల బండివాడికి ఇచ్చేస్తున్నా. నాలుగు బరువులు లాగితే పొగరు అదే దిగుతుంది" అన్నాడు.

"అది పొగరు కాదండి. ఎక్కడో నొప్పి ఉంది. అదేమిటో చూడనివ్వండి" అంది శిక్షకురాలు.

"తలనొప్పి నాకూ ఉందమ్మా. ఆ పాప నాన్నతో మాట్లాడింది నేను."

బుజ్జాయికి కళ్ళెం అలవాటు చేసింది ఆమే. పళ్ళు చూసింది, గిట్టలు ఎత్తి చూసింది. ఏ లోపమూ కనిపించలేదు. పొడవాటి తాడు కట్టి, జీను లేకుండా గుండ్రంగా పరుగెత్తించింది. ఎడమకైనా కుడికైనా నీళ్ళు పారినట్లు సాఫీగా పరుగెత్తింది. జీను వేసి తాను ఎక్కగానే మాత్రం చెవులు వెనక్కి వాల్చింది. ఎడమ మలుపులో అదే విసురు. ఆమె దిగి, జీను తీసి, వెన్నుకు ఎడమపక్క అరచేత్తో నొక్కింది. చర్మం జలదరించింది.

అప్పుడు జీనును ఒడిలో బోర్లించుకుని అడుగుభాగం తడిమింది. ఎడమపక్క లోపలి ఉన్ని ఒకచోట నిమ్మకాయంత ఉండకట్టి, రాయిలా చేతికి తగిలింది. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ ఏటవాలు కుట్టు ఎవరిదో ఆమెకు అక్షరాలు రాకముందునుంచే తెలుసు. వానల మొదట్లో ఆ జీనులో ఉన్ని మార్చినది ఆమె తండ్రి.

ఈ మాట బయటపెడితే తండ్రి చేతికి మళ్ళీ ఎవరు జీను ఇస్తారు? పెట్టకపోతే, చేయని తప్పుకు బుజ్జాయి ఇటుకల పాలవుతుంది. ఆమె జీనును భుజాన వేసుకుని ఇంటిదారి పట్టింది.

ఇంటి ముందుగదే జీను మేస్త్రి పనిచోటు. ఉన్ని బుట్ట పక్కన, కిటికీ వెలుగులో కూర్చుని మైనం పూసిన దారం లాగుతున్నాడు. పని ముగిశాక కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి చూసుకోవడం ఆయన పద్ధతి. కళ్ళకు తొందర ఎక్కువని ఆయన ఫిర్యాదు. ఆ సమయంలో ఎంతటి వాగుడుకాయ అయినా ఆయన ముందు నోరు మూసుకోవలసిందే.

"వచ్చావా? మీ నాన్నకు నువ్వైనా చెప్పు" అంటూ తల్లి వంటగది గుమ్మంలోకి వచ్చింది. "పొయ్యి మీది గిన్నెను వట్టి చేత్తో దించేశారు. బొబ్బ లేచినా కాలలేదంటారు. ఈయనకు సూది గుచ్చుకున్నా తెలీదు, నేను మాటలు గుచ్చినా తెలీదు."

"రెండోదానికి అలవాటు పడ్డానే" అన్నాడు మేస్త్రి తల ఎత్తకుండానే.

కూతురు నవ్వలేకపోయింది. ఆయన చూపుడువేలి కొసన ఎండిన రక్తం ఉంది. జీనును ఆయన ఒళ్ళో పెట్టింది.

"ఒకసారి చూడు నాన్నా."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు అంచునుంచి అంచుకు నింపాదిగా నడిచాయి; ఉండ మీదుగా ఎక్కి, దిగి, ఆగకుండా ముందుకు పోయాయి.

"వెన్నలా ఉంది. ఏం, దీనికేమయింది?"

ఆమె జీనును కిటికీ వెలుగుకు తిప్పింది. "ఇప్పుడు కళ్ళు తెరిచి తడుము."

ఆయన వింతగా చూసినా, మాట కాదనలేదు. ఈసారి తన వేలు గతుకుల బాటలో బండిలా లేచి పడడం కళ్ళారా చూశాడు. మళ్ళీ తడిమాడు. తల్లి గుమ్మం దాటి దగ్గరకు వచ్చింది.

"చలికాలం నుంచి కొంచెం మొద్దుబారినట్టు ఉన్నాయి" అన్నాడు వేళ్ళకేసి చూసుకుంటూ. "పోతుందిలే అనుకున్నా. ఎవరైనా పడ్డారా?"

"ఒక పాప. చెయ్యి విరిగింది."

"దీని తర్వాత మీ శాలకు ఇంకా జీనులు కుట్టాను కదూ?"

ఆమె తల ఊపింది. ఆయన దారాన్ని ఉండచుట్టి బుట్టలో పడేసి, చొక్కా అందుకున్నాడు.

"యజమానితో నేను చెప్తాను నాన్నా."

"నా కుట్టుకు నువ్వెందుకమ్మా సంజాయిషీ? పద."

శాలలో మేస్త్రి తప్పును తన నోటితోనే చెప్పాడు. యజమాని అరవలేదు, అరిచి ఉంటే బాగుండేదని కూతురికి తోచింది. గోడకున్న జీనులను ఒక్కొక్కటే దించి, ఆమె కళ్ళు మూసుకుని తడుముతుంటే, తండ్రి ఆమె ముఖంకేసి ఫలితాల కోసం చూసే విద్యార్థిలా చూస్తూ కూర్చున్నాడు. ఆమె పక్కన పెట్టిన జీనులు పెరుగుతూ పోయాయి.

"గుర్రం ఉంటుందిలే" అన్నాడు చివరకు యజమాని. మేస్త్రి సంగతి అతను ఎత్తలేదు, ఎవరూ అడగలేదు.

మేస్త్రి లేచి బుజ్జాయి దగ్గరకు వెళ్ళాడు. వెన్నుకు ఎడమపక్క మెల్లగా చెయ్యి వేశాడు. ఆయన వేళ్ళ కింద చర్మం జలదరించింది. ఆ వణుకు ఆయనకు కంటికి మాత్రమే అందింది.

"నయం, దీనికి ఇంకా తెలుస్తోంది" అని చెయ్యి తీసేశాడు.