నీళ్ల వరసలో మూడో మనిషి

ఏ ఊళ్లోనైనా వార్తకు రెండు జన్మలు. పొద్దున్నే గుమ్మంలో దబ్బున పడేది మొదటిది. అది కాఫీ గ్లాసు ఖాళీ అయ్యేలోపే తీరిపోతుంది. తూకానికి వెళ్లాక మొదలయ్యేది రెండోది. ఆ జన్మలో వార్త బన్నుల్ని మోస్తుంది, అద్దాలు తుడుస్తుంది, అల్మరాలో బట్టల కింద పరుపవుతుంది. రాజులు చెక్కించిన శాసనాల రాళ్ల మీద బట్టలుతికిన లోకం ఇది. కాగితం ఎంత!

జిగురత్త బతుకంతా ఆ రెండో జన్మతోనే. ఆవిడకూ పేరొకటి ఉండేది గానీ, ముప్పయ్యేళ్లుగా మైదా జిగురు ఉడకేసి కాగితపు సంచులు అంటించడంతో వీధి వీధంతా దాన్ని మర్చిపోయింది. మెట్ల కింద గది, కిటికీ పక్కన బల్ల, బల్ల మీద అంచులు అట్టకట్టిన జిగురు గిన్నె. పాతకాగితాల కొట్టు నుంచి కట్టలు వస్తాయి, సంచులై మలుపులోని బేకరీకి వెళ్తాయి. బడికెళ్లింది మూడేళ్లే. మిగతా చదువంతా సంచుల మీదే. అందుకే ఆ చదువుకు తల ఉంటే తోక ఉండదు. కథలో పెళ్లికూతురు పీటల దాకా వచ్చి మడతలో మాయమైతే, మిగతా పెళ్లి ఆవిడే చేసి పంపేది.

భర్త బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. వీధిలో ‘రైట్‌రైట్’ అంటే ఆయనే. చేతికి ఏ కాగితం వచ్చినా, మందుల చీటీ అయినా శుభలేఖ అయినా, ముందు తేదీ చూస్తాడు.

ఎక్కడో దూరదేశంలో ఒక జాతిని జాతినే తుడిచిపెడుతున్నారన్న సంగతి జిగురత్తకు ఇలాగే తునకలు తునకలుగా తెలిసింది. ఒక సంచి మీద కాలిన బడి గోడ, ఇంకో సంచి మీద సగం తెగిన చావుల అంకె. ఆ చలికాలంలో ఒక బొమ్మ మాత్రం ఆవిడ చేతిని ఆపేసింది. గోడ వారగా దుప్పట్లు కప్పిన మనుషుల వరస. ఒక దుప్పటి జారి ఆడమనిషి మొహం కనిపిస్తోంది. ఎడమ కనుబొమ్మ మీద మచ్చ, తలకు గళ్ల గుడ్డ, పక్కన సొట్టపడ్డ నీళ్ల డబ్బా. ఆ కాగితాన్ని మడవడానికి చేతులు రాక సొరుగులో దాచింది.

పది రోజుల తర్వాత కొత్త కట్ట విప్పుతూ పెద్ద కేక పెట్టింది.

“ఏమండీ! ఇటు రండి! బతికే ఉందండీ!”

సగం గడ్డం సబ్బు నురగతో పరిగెత్తుకొచ్చాడాయన. “ఎవరే?”

“ఆవిడే, మచ్చావిడ. చూడండి, నీళ్లకి నిలబడింది. వరసలో మూడో మనిషి. గళ్ల గుడ్డ అదే, సొట్ట డబ్బా అదే. పక్కన కూతురు కూడాను. పిల్లకి ఒక్క కాలికే చెప్పుంది, పిచ్చితల్లి. పేపరువాళ్లే పొరపాటు పడ్డారు!”

కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. ఆయన అలవాటు కొద్దీ కాగితం పై అంచు చూశాడు. సొరుగు లాగి, దాచిన కాగితం పై అంచూ చూశాడు. చెల్లని టిక్కెట్లవాళ్లను ముప్పయ్యేళ్లు నిర్మొహమాటంగా దించేసిన మనిషి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఇంకోసారి చూశాడు.

“ఇది ముందుదే,” అన్నాడు చివరికి. “నువ్వు దాచినదానికి తొమ్మిది రోజుల ముందుది.”

జిగురత్త రెండు తేదీలూ తానే చూసుకుంది. గిన్నెలో జిగురు మీగడ కట్టింది. తర్వాత కట్ట మొత్తం తిరగేసింది. వీధిలో ఇళ్లన్నిటి కాగితాలూ ఒక్కచోట చేరిన కట్ట అది. అదే తేదీవి, అదే బొమ్మవి ముప్పై ఎనిమిది తేలాయి. ఒకదాని మీద టీ గ్లాసు గుండ్రంగా అచ్చుపడింది. ఒకదానిలో ఎవరో గోళ్లు కత్తిరించుకుని అలాగే చుట్టేశారు. ఒకాయన బొమ్మ పక్కనున్న గళ్లనుడికట్టును ఆకుపచ్చ సిరాతో ఒక్క గడి వదలకుండా నింపాడు. పదకొండు కాగితాలకైతే మడతే విప్పలేదు.

“ఇన్ని గుమ్మాల్లోకి వచ్చిందండీ ఈవిడ,” అంది. “తొమ్మిది రోజులు నిలబడింది. ‘ఏంటమ్మా’ అన్న నాథుడు లేడు.”

“మనమూ అనలేదుగా.”

“మనమూ అనలేదు,” అని ఒప్పుకుంది. ఉన్నట్టుండి సొరుగులోని బొమ్మ లాక్కుంది. దుప్పట్లు ఒక్కొక్కటీ వేలితో కొలిచింది. అన్నీ పెద్దవాళ్ల పొడుగులే. “పిల్ల లేదండీ ఇందులో. పిల్ల బతికే ఉండుంటుంది.”

మర్నాడు పొద్దున్నే బేకరీలో నిలబడి, జీవితంలో మొదటిసారి ఆ రోజు పేపరు ఆ రోజే చదివింది. లోపలి పేజీలో, ఒక మూల: సరిహద్దు దాటిన తల్లిలేని పిల్లల్ని రెండు మూడు దేశాలు తీసుకుంటున్నాయట. ఈ దేశం ఇంకా ఆలోచిస్తోందట. అక్కణ్ణుంచి నేరుగా వార్డు ఆఫీసుకి వెళ్లి, ఆ పిల్లల్ని ఇక్కడికి రానిమ్మని అర్జీ పెట్టాలంది.

“పెద్దమ్మా, ఇదేమన్నా వీధి దీపమా?” అన్నాడు గుమాస్తా. “ఎక్కడో జరిగేదానికి మేమేం చేస్తాం?”

“వీధి దీపానికైతే ఎన్ని సంతకాలు కావాలి బాబూ?”

“రెండొందలు. అప్పుడు తీర్మానం చేసి పైకి పంపుతారు.”

“దీనికీ అన్నే తీసుకో. ఎక్కువ అడక్కు.”

ఆ సాయంత్రం ముప్పై ఎనిమిది కాగితాలూ బొమ్మ బయటికి వచ్చేలా మడిచింది. ఒక్కోదాని మీద పెన్సిలుతో రాసింది: ‘ఈ పిల్లని రానిమ్మని అడుగుదాం. సంతకం బేకరీలో.’ మర్నాడు పొద్దున్న వాటిని చూసి బేకరీ యజమాని గుడ్లు తేలేశాడు.

“తినేవాటి మీద శవాలేంటత్తా! నా కొట్టు మూయిస్తావా? రేపట్నుంచి వేరేచోట తెచ్చుకుంటా సంచులు.”

ఆ ఒక్క కొట్టు పోతే గదిలో పొయ్యి వెలగదని ఇద్దరికీ తెలుసు.

“తెచ్చుకో అల్లుడూ. కానీ శవాలెక్కడున్నాయి? కళ్లజోడు పెట్టుకుని చూడు. అందరూ నిలబడే ఉన్నారు. నీ కొట్టు ముందు నిలబడ్డట్టే.”

అతను తలెత్తాడు. రొట్టె కోసం ఏడుగురు వరసలో ఉన్నారు. మూడో ఆవిడ కొంగు పట్టుకుని ఓ పిల్ల.

“ఒక్కరోజే,” అన్నాడు గొణుగుతూ. “కూతుర్నివ్వకుండానే ఎంత చాకిరీ చేయిస్తున్నావే అత్తా!”

ఆ రోజు ఒకావిడ సంచి వెనక్కిచ్చి బన్నులు చేతిరుమాల్లో కట్టుకుపోయింది. ఇద్దరు విసుక్కున్నారు. చాలామంది చూడనే లేదు. మధ్యాహ్నం లెక్కల మాస్టారు సంచి అందుకుని, డబ్బులివ్వడం మరిచి అలాగే ఉండిపోయారు. బొమ్మ పక్కన గడుల్లో ఆకుపచ్చ సిరా.

“ఇది నా దస్తూరీ,” అన్నారు మెల్లగా. “ఆవేళ గంటసేపు ఈ పేజీ మీదే కూర్చున్నాను. ఈమెను చూడలేదు.”

కొట్టు బల్ల మీదున్న పుస్తకంలో సంతకం చేసి, దాన్ని చంకలో పెట్టుకుని తమ మేడ మెట్లెక్కారు. ప్రతి తలుపూ కొట్టారు.

రెండొందలు కావడానికి పదహారు రోజులు పట్టింది. తీర్మానం పైకి వెళ్లింది; పైనుంచి ఇంకా ఏమీ రాలేదు. ప్రతి సోమవారం జిగురత్త, మాస్టారు కలిసి వెళ్లి అడిగి వస్తున్నారు. వీళ్లని చూడగానే గుమాస్తా ఇప్పుడు అడక్కుండానే కుర్చీలు లాగుతున్నాడు. ఆ ఒక్కరోజు ఎప్పుడు గడిచిందో బేకరీవాడికి గుర్తులేదు. సంచులు మాత్రం ఆవిడవే తీసుకుంటున్నాడు.

ఇప్పుడా గదికి రోజూ కొత్త పేపరు వస్తుంది. రైట్‌రైట్ గారు అందుకుని ముందు పై అంచు చూస్తారు.

“ఇవాళ్టిదే. చెల్లుతుంది,” అని భార్య చేతికిస్తారు.

ఆవిడ జిగురు చేతులు కొంగుకి తుడుచుకుని బొమ్మలన్నీ వెతుకుతుంది. మొహాలకంటే ముందు కాళ్లు చూస్తుంది.