మామ బొమ్మల్లో మసక

నా చిన్నప్పుడు, రాయపురంలో మా పక్కింటి మామ వేసే బొమ్మలంటే నాకు పిచ్చి. ఆయన మాకు చుట్టం కాదు. రెండిళ్ళకీ గోడ ఒకటే కాబట్టి మామ. చేపల రేవులో పడవలకు రంగులు వేసేవాడు. రంగులన్నీ అయ్యాక, చివరగా పడవ ముక్కుకు అటూ ఇటూ రెండు కళ్ళు పెట్టేవాడు. నడిసముద్రంలో పడవకు దారి చూపేది ఆ కళ్ళేనని మావాళ్ళ నమ్మకం.

ఇంటికొచ్చాక, డబ్బాల అడుగున మిగిలిన రంగును కిరసనాయిలుతో పలచన చేసి, విరిగిన చేపల పెట్టెల చెక్కల మీద తన కోసం బొమ్మలు వేసుకునేవాడు. గుడ్డతో తుడిచి తుడిచి అంచులన్నీ చెరిపేసేవాడు. నీళ్ళెక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు. పడవలు గాల్లో నిద్రపోతున్నట్టుండేవి. ఒక చెక్క మీద చేపలు ఎండబెట్టే ఆడమనిషి ఉండేది. ముఖమే లేదు, కానీ అలసిపోయిందని తెలిసిపోయేది. అయిదో తరగతితోనే బడికి దండం పెట్టినదాన్ని నేను. పుస్తకం ముందు నిమిషం కూర్చోలేనిదాన్ని, ఆ చెక్కల ముందు అన్నం చల్లారిపోయేదాకా కూర్చునేదాన్ని.

కానీ నా నోరు ఊరుకోదు కదా. నలుగురు నవ్వుతారంటే దేవుడి మీదైనా ఒక మాట విసిరేదాన్ని. ఒక పొద్దున, చేపలు వేలం వేసేచోట ఆడవాళ్ళంతా ఉండగా, మామలా నడుం వంచి తడుముకుంటూ నడిచి చూపించాను.

"మామకి కండ్లు మసకబట్టినాయి. అందుకే బొమ్మలన్నీ పొగమంచు. మొన్న మా మేకని చూసి, రామ్మా కూచో అన్నాడు!"

మేక సంగతి నా సొంత కల్పన. ఆడవాళ్ళు కడుపులు పట్టుకుని నవ్వారు.

ఆ మాట సాయంత్రానికి రేవంతా పాకింది. పాకేకొద్దీ అందులోని నవ్వు ఇంకిపోయి, మసక ఒక్కటే మిగిలింది. మసక కళ్ళవాడు పెట్టిన కన్నుతో పడవకేం కనిపిస్తుంది? ఏడాదికోసారి పడవలకు రంగులు పడే రోజులవి. మామకు మాటిచ్చిన వాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. ఆయన ఇల్లు గడిచేది ఆ పని మీదే.

మూడోనాడు పెద్ద పడవ యజమాని మా గుమ్మానికే వచ్చాడు. మా నాయన వేటకు వెళ్ళేది ఆయన పడవలోనే. మామ కూడా తన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"నీ కూతురేనంట గదా ఆ మాటన్నది? నిజమా, ఉత్తదా? చెప్పు పాపా" అన్నాడు యజమాని.

మా నాయన నా రెక్క పట్టుకున్నాడు. "చెప్పవే! ఉత్తదని తేలిందో, ఈడనే తోలు ఒలిచేస్తా."

మామ నన్ను ఒక క్షణం చూశాడు.

"బిడ్డనెందుకన్నా బెదిరిస్తారు? నేనే చెప్పినా దానికి. ఈ మధ్య నాకు చూపు ఆనడంలే" అన్నాడు.

యజమాని తల ఊపి వెళ్ళిపోయాడు. నాయన నా చెయ్యి వదిలేసి ఆయన వెనకే పోయాడు.

వాళ్ళు కనుమరుగయ్యాక ఏడుస్తూ మామ దగ్గరికి పోయాను. "నీ కండ్లు బాగానే ఉండాయి కదా మామా, అట్లెందుకు చెప్పినావు?"

"బాగుండబట్టే గదమ్మే, నీ కాళ్ళు వణికేది కనబడింది" అన్నాడు. తర్వాత తనలో తనే నవ్వుకున్నాడు. "ఆ మేక మాత్రం బాగుండాది. యాడ దొరికిందే నీకు?"

ఆ ఏడు మా రేవు పడవలకు వేరెవరో కళ్ళు పెట్టారు. మామ పొద్దున్నే అంబత్తూరు బస్సెక్కి, ఒక ఫ్యాక్టరీలో ఇనుప గేట్లకు బూడిద రంగు పూసే పనికి పోయేవాడు. తిరిగొచ్చాక చెక్క ముందు కూర్చునే ఓపిక ఉండేది కాదు. అయినా ఎదురుపడితే నవ్వుతూనే పలకరించేవాడు. అది ఎగతాళికి అన్న మాటేనని రేవులో చెప్పడానికి నాకు ఒక్క నిమిషం చాలు. మొదట దెబ్బలకు భయపడి చెప్పలేదు. తర్వాత సిగ్గుపడి చెప్పలేదు. ఆ తర్వాత చెప్పుకోవడానికి మామ లేడు.

ఇప్పటికీ నేను నోరు తెరిస్తే వీధంతా నవ్వుతుంది. నవ్వులు ఆగాక, ఎవరిమీద మాట విసిరానో వాళ్ళింటికి వెళ్ళి కాసేపు కూర్చుని వస్తాను. "ఎందుకవ్వా, నవ్వించేదీ నువ్వే, మళ్ళీ పొయ్యి బతిమాలేదీ నువ్వేనా?" అని మా మనవరాలు ఎగతాళి చేస్తుంది. జవాబు చెప్పాలంటే మామ దగ్గర మొదలుపెట్టాలి. ఆ సంగతి దానికి ఇంకా చెప్పలేదు.